చుక్క కూడా మిగల్లేదు

స్నానం చేసి వచ్చిన మొగుడి మెడ దగ్గర వాసన చూసి ఆమె మొహం మాడ్చుకుంది. మళ్ళీ అదే. విమానాల్లో పోసే చమురు వాసన.

"మళ్ళీ లోపలికి దిగారు కదూ?"

"ఎక్కడికి?"

"ఏమీ తెలీనట్టు!"

కొండ కింద, భూమి లోపల, సైన్యం వాళ్ళ చమురు ట్యాంకులున్నాయి. వాటిలో దిగి అడుగు శుభ్రం చేయడం పదిహేనేళ్ళు అతని ఉద్యోగం. కిందటేడు లోపలే సొమ్మసిల్లి పడ్డాడు. ఇంకోసారి దిగితే ప్రాణం దక్కదన్నాడు డాక్టరు. పాప మీద ఒట్టేసి దిగనన్నాడు. అదృష్టం కొద్దీ మూడు నెలల కిందట ఆ చోటే మూతపడింది. చుక్క కూడా మిగల్లేదని చెప్పి, అక్కడి పెద్దసారు తలుపులకి సీలు వేసి వెళ్ళిపోయాడు. అతను ఇప్పుడు లైబ్రరీ గేటు దగ్గర కూర్చుంటున్నాడు.

పుస్తకాలకి ఈ వాసనెక్కడిది?

"నాకేం రావట్లేదే," అన్నాడతను. రాదు మరి. ఆ ముక్కు ట్యాంకుల్లోనే ఎప్పుడో చచ్చింది. "కాఫీ మాత్రం ఏదోలా ఉంది."

"మాట మార్చకండి. వారం నుంచి పాపకి కడుపునొప్పి. ఒట్టు తీసి గట్టు మీద పెట్టారా?"

అతను కాఫీ గ్లాసు పక్కన పెట్టి చెప్పులేసుకున్నాడు. తప్పు చేశాడు కాబట్టే తప్పించుకుంటున్నాడని ఆమె తేల్చేసుకుంది.

చొక్కాలు రెండుసార్లు ఉతికింది. వాసన తగ్గకపోగా పెరిగింది. ఎంత లోతుకి దిగుతున్నాడో! వంటింట్లో గిన్నెలకీ అదే కంపు. అతను ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుంటోందనుకుంది.

పక్కింటి వదినతో చెప్పుకుంటే ఆవిడ గొంతు తగ్గించింది. "మా ఆయన దగ్గరా ఇదే వాసనమ్మా."

ఆ వదిన మొగుడు దర్జీ. అంటే ఇద్దరూ కూడబలుక్కుని మిగిలిన చమురు తోడుకుంటున్నారన్నమాట!

మర్నాడు అతను అక్కగారి ఊరు వెళ్ళాడు. నాలుగు రోజులైనా ఇంట్లో వాసన పోలేదు. డబ్బాలు ఇక్కడే ఎక్కడో దాచాడు, సందేహం లేదు. ఆమె కొంగు బిగించి అటక మీది సామాను దించింది, మంచాలు జరిపింది, బీరువా వెనక టార్చి వేసి చూసింది. ఏమీ దొరకలేదు. అతను వచ్చాక నిలదీసి కడిగేద్దామనుకుంటూ ఉసూరుమని కూలబడింది.

"అమ్మా, దాహం," అంది పాప.

లేచి వెళ్ళి కుళాయి తిప్పింది.

గ్లాసు నిండింది, నీళ్ళ మీద పలచగా రంగులు తేలాయి, గుప్పున అదే వాసన కొట్టింది.