తేలిక తూటా, బరువు తూటా

"అది వద్దు. మరీ తేలికది," అంది వెల్డా.

మెర్ల్ చేతిలో తూటా అక్కడే ఆగిపోయింది. మొగుడూ పెళ్లాలిద్దరూ సేజ్ పొద వెనక బోర్లా పడుకుని ఉన్నారు. తుపాకీ వెల్డాది, కొయోటీ అనే అడవినక్కలా ఊళవేసే బూర మెర్ల్‌ది. ఇద్దరి మధ్యా రెండు తూటాల పెట్టెలు, ఒకదాంట్లో తేలికవి, ఒకదాంట్లో బరువువి. రెండూ ఆ తుపాకీకి పడతాయి. తుపాకీలో మాత్రం ఇంకా ఒక్కటీ పడలేదు. వంటింట్లో తేలని గొడవ మైలు దూరం వెంటబడి ఇక్కడికీ వచ్చింది.

"తేలికదే కావాలి," అన్నాడు మెర్ల్ గుసగుసగా. "ఆ ఎదుటి పొదల వెనక మన గొర్రెలున్నాయి. ఇది నేలకు తగిలితే అక్కడికక్కడే పొడైపోతుంది. నీ బరువుది రాయికి తగిలి ఎగిరిందంటే, కొయోటీ చచ్చినా చావకపోయినా మన గొర్రె మాత్రం చస్తుంది."

"నేను రాయిని కొడతానా? నన్నెప్పుడు చూశావు రాళ్లు కొట్టగా?"

"పోయిన ఏడు..."

"పోయిన ఏడు సంగతి ఎత్తకు!"

వెల్డా కళ్లు ఇంకా ఎర్రగా ఉన్నాయి. ఈ వారంలో అయిదు గొర్రెపిల్లలు పోయాయి. ఈ ఉదయం ఆరోది. దాని తల్లి, మిగిలిన ఆ కాస్త ఉన్నినీ నాకుతూ నిలబడి ఉంటే, చూడలేక వెల్డా కాఫీ కప్పు అలాగే వదిలేసి తుపాకీ తీసింది. వయోమింగ్‌లో గొర్రెలు ఈనే రోజులంటే కొయోటీలకు పెళ్లి భోజనాలే మరి.

మెర్ల్ బూర నోట పెట్టి సన్నగా, పొడుగ్గా ఊళవేశాడు. పరాయి కొయోటీ వచ్చి తన జాగాలో అరిస్తే అసలుది ఊరుకోదు.

ఊరుకోలేదు. ఎదుటి పొదల్లోంచి బదులు ఊళ వచ్చింది.

"వచ్చింది!" వెల్డా మోచేతులు బిగించింది. "మళ్లీ ఊదు."

మళ్లీ ఊదాడు. ఈసారి బదులు ఇంకా దగ్గరగా వచ్చింది. నూటయాభై అడుగుల్లో, పొద పైన బూడిదరంగు బొచ్చు కాస్త కదిలి ఆగింది.

"కనబడిందా?"

"కనబడింది. బరువుది ఇవ్వు."

"తేలికది తీసుకో."

"మెర్ల్, ఇవ్వు!"

"గొర్రెలున్నాయే వెనకాల!"

"దీన్ని ఒకసారి తప్పించుకోనిచ్చామంటే ఇక ఈ జన్మలో ఊళకి పలకదు. రేపు పొద్దున చచ్చిన పిల్లల్ని నువ్వే ఏరతావా?"

చెయ్యి చాచి తనే బరువు తూటా లాక్కుంది. తుపాకీలో పెట్టబోతుంటే మెర్ల్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. వేటలో ఊపిరి గట్టిగా తీయకూడదన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు. వెల్డాకి ఒళ్లు మండిపోయింది.

"వదులు! ఈ గాలికి తేలికది నిలవదని ఎన్నిసార్లు చెప్పాలి నీకు, మొద్దు మొహమా!"

ఆ కేక కొండకి తగిలి తిరిగొచ్చింది.

అయిపోయింది, ఇక కొయోటీ లేదు ఏమీ లేదు అనుకున్నాడు మెర్ల్. కానీ పొద పైని బూడిదరంగు బొచ్చు పారిపోలేదు. మెల్లగా పైకి లేచింది. దాని కింద ఒక మొహం, తెల్ల మీసాలు, పాత కోటు, చేతిలో తుపాకీ. కంచె అవతలి పొలం ఆసామి, వెల్డా తండ్రి ఆర్విల్! నెత్తిన కొయోటీ తోలు టోపీ.

వెల్డా చేతిలోని తూటా జారి గడ్డిలో పడింది. లేచి పరుగెత్తి తండ్రిని వాటేసుకుని చిన్నపిల్లలా ఏడ్చేసింది.

"నాన్నా! చంపేసేదాన్ని నాన్నా నిన్ను! చేజేతులా చంపేసేదాన్ని!"

మెర్ల్ రొప్పుతూ వచ్చాడు. "ఆ ఊళ మీదేనా మామయ్యా?"

"మరి? నా గొర్రెపిల్లలూ నాలుగు పోయాయి. మీ ఊళ విని, దొరికిందిరా దొంగది అనుకుంటూ వచ్చాను."

అంటే ఇంతసేపూ మామా అల్లుళ్లు ఒకరినొకరు రమ్మని పిలుచుకున్నారన్నమాట. మెర్ల్‌కి నవ్వు ఆగలేదు. వెల్డా ఏడుస్తూనే నవ్వింది. ప్రాణం లేచొచ్చింది ఇద్దరికీ. ఆరు పిల్లలు పోయిన బాధ కూడా ఆ నిమిషాన గుర్తురాలేదు.

"చూశారా మామయ్యా, మా ఆవిడ నా మాట వినకపోవడం ఎంత మంచిదయిందో! ఇవ్వగానే పుచ్చుకుని పెట్టేసుంటే, మీరీపాటికి..." అన్నాడు మెర్ల్.

"పెళ్లయి పద్నాలుగేళ్లకి, నీతో పోట్లాడినందుకు ఇవాళ సంతోషంగా ఉంది నాకు," అంది వెల్డా కళ్లు తుడుచుకుంటూ. "నాన్నా, ఇంకెప్పుడూ ఆ టోపీ పెట్టుకోనని ఒట్టెయ్యి."

ఆర్విల్ నవ్వలేదు. కూతుర్ని మెల్లగా విడిపించుకుని అక్కడే ఒక బండ మీద కూలబడ్డాడు. తన తుపాకీ తెరిచి, లోపలి తూటా తీసి పక్కన పెట్టాడు.

"పొదలో గోధుమరంగు ఏదో కదిలితే గురిపెట్టి, మీట సగం నొక్కేశాను తల్లీ," అన్నాడు. "అంతలో ఆ కొయోటీ, 'ఈ గాలికి తేలికది నిలవదు' అంటూ మొగుణ్ణి తిట్టింది."