చున్నీలో సోంపు వాసన

మా అమ్మాయి నాన్సీ ల్యాబ్ నుంచి రాగానే గడప బయటే నిలబడి చున్నీ నా చేతికిస్తుంది.

"ఏం వాసనో చెప్పు చూద్దాం మా."

తనది ఈథర్లు చేసే బల్ల. ఫినాల్‌కు మిథైల్ తగిలిస్తే సోంపు వాసన పుడుతుందట. పక్క బల్ల మీద బ్రోమిన్ తీసి సైనైడ్ పెట్టి నైట్రైల్ చేస్తారు. ఆ విషానిది చేదు బాదం వాసన. "ఉట్టి సోంపే" అని నేనంటే నవ్వుతూ లోపలికి వస్తుంది. "బాదం కూడా ఉండాది" అన్న రోజు నేరుగా స్నానానికి పోతుంది.

బంగారు గనులు మూతపడేదాకా మా నాన్న ఊరిగాంలో సైనైడ్ మిల్లు మేస్త్రీ. ఆ బాదం వాసన పట్టలేని మనిషిని ఆయన మిల్లు లోపలికి రానిచ్చేవాడు కాదు. "తాత ముక్కు నీకే వచ్చినాది" అని నాన్సీ నన్ను ఆటపట్టిస్తుంది.

ఈ సాయంత్రం చున్నీ తిరిగి ఇచ్చేశాను. "నాకు జలుబు పాపా. ఈరోజుకు నువ్వే చూసుకో."

నాన్సీ నవ్వలేదు. లోపలికీ రాలేదు.

"పక్కింటి ఆగ్నెస్ అత్తను పిలువు మా."

"దీనికి ఆమెందుకు? నీకు ముక్కు లేదా?"

"పోయిన ఏడు జ్వరమొచ్చినాక నాకు ఏ వాసనా తెలీడం లేదు మా. ల్యాబ్‌లో చెప్తే పని తీసేస్తారు."

ఆగ్నెస్ ఇంటికి తాళం వేసి ఉంది. చున్నీ మళ్ళీ తీసుకుని, ముఖానికి అదుముకుని గట్టిగా పీల్చాను.

"ఉట్టి సోంపేనా మా?" అని గడప బయట నుంచి అడుగుతోంది నాన్సీ.