మే నెలలో స్వెటరు

సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే వేళయింది. జనమంతా మెడలు సాచి అటే చూస్తున్నారు. వెంకాయమ్మ మాత్రం ఓ మూల చతికిలబడి, తల వంచుకుని, ప్రాణం మీదికొచ్చినట్టు స్వెటరు అల్లుతోంది.

"మే నెలలో స్వెటరేంటమ్మా? చూసేవాళ్ళు నవ్విపోతారు," అన్నాడు కొడుకు పున్నారావు.

"నవ్వుకోనీరా. నన్ను మాత్రం కదిలించకు, నీకు పుణ్యముంటుంది."

ఆవిడ బాధ ఆవిడది. డెబ్భై ఏళ్ళ మనిషి. నాగాయలంకలో పొద్దున లేవగానే లంక పొగాకు చుట్ట ఒకటి కాలిస్తే గానీ కడుపు కదలదు. అన్నం తిన్నాక ఒకటి. సాయంత్రం గేదె పాలు పితికాక అరుగు మీద కాళ్ళు చాపుకుని ఇంకొకటి. అలాంటిది హైదరాబాదులో దిగినప్పటినుంచీ చుట్ట ముట్టించలేదు.

కారణం మనవరాలు లహరి. గుడివాడ కాలేజీలో డిగ్రీ చదివింది. గిరీష్ అనే హైదరాబాదు కుర్రాడితో సంబంధం కుదిరేలా ఉంది. "వేసవి సెలవులు కదా, అందరూ మా ఇంటికే వచ్చి ఉండండి. ఊరు చూసినట్టూ ఉంటుంది, ఒకళ్ళనొకళ్ళు తెలుసుకున్నట్టూ ఉంటుంది," అని మగపెళ్ళివారే పిలిచారు. మంచివాళ్ళే. కానీ ఆ ఇంట్లో గిరీష్ నాయనమ్మ వసుంధరగారు ఎంత చెబితే అంత. ఇంతకు ముందు వచ్చిన సంబంధాన్ని, పిల్ల తండ్రి దగ్గర పొగాకు వాసన వస్తోందని ఆవిడ కాఫీ చల్లారకముందే తిప్పి పంపేశారట.

ఆ కబురు విన్నాక లహరికి అన్నం సయించలేదు. బస్సెక్కే ముందు నాయనమ్మ చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

"నాకా అబ్బాయి నచ్చాడు నాయనమ్మా. నా కోసం ఈ కాస్త ఓర్చుకోవూ? చేతులకి పనుంటే మనసు అటు పోదంట." బందరులో కొన్న ఊలు, రెండు సూదులు ఆవిడ ఒళ్ళో పెట్టింది.

ఓర్చుకోవడమంటే ఏమిటో ఆ పిల్లకేం తెలుసు, పాపం!

వెంకాయమ్మ జూలో పులి బోను ముందు అల్లింది. బిర్లా మందిరం మెట్ల మీద అల్లింది. ట్యాంక్‌బండ్ మీద ఓ ఆటో అతను బీడీ ముట్టిస్తే, ఆ పొగ వెనకాలే నాలుగడుగులు వేసేసింది కూడా. లహరి కొంగు పట్టుకుని లాగితే గానీ వెనక్కి రాలేదు. కుట్లు జారిపోయేవి. విప్పేది, మళ్ళీ అల్లేది. ఆ స్వెటరుకి మెడెక్కడో చెయ్యెక్కడో ఆ దేవుడికే తెలియాలి. తల పగిలిపోతోంది. నోరంతా చేదు. ఎవరైనా పలకరిస్తే చాలు, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

పోనీ ఇంటికొస్తే కాస్త నెమ్మదా అంటే అదీ లేదు. హాల్లో సోఫా మీద వసుంధరగారు! ఆవిడా అల్లుతూనే ఉంటారు. పొద్దున లేస్తూనే సూదులు. అన్నం తిన్న చెయ్యి తడారకముందే సూదులు. టకటకా టకటకా, తలెత్తరు, నవ్వరు. గుమ్మానికి ఊలు తోరణం, టీవీకి ఊలు ముసుగు, ఆఖరికి ఫోనుకి కూడా ఓ ఊలు చొక్కా. అంత పనిమంతురాలి ముందు కూర్చుని ఈ పీలిక అల్లాలంటే వెంకాయమ్మకి సిగ్గుతో పాటు భయం కూడా వేసేది.

"అల్లిక కొత్తా వదినగారూ?" అని అడిగారొకసారి.

"కొత్తేనండీ."

"చేతులు వణుకుతున్నాయేం?"

వెంకాయమ్మ చేతులు ఊలు కింద దాచుకుంది. "పెద్దతనం కదండీ."

వసుంధరగారు ఆవిడ మొహంలోకి చాలాసేపు చూశారు. మళ్ళీ సూదులందుకున్నారు.

తెల్లారితే తాంబూలాలు. మధ్యాహ్నం అందరూ గాజులు కొనడానికి చార్మినార్ బయల్దేరారు. మోకాళ్ళు నొప్పులని వెంకాయమ్మ ఉండిపోయింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. అందరూ వెళ్ళారనే అనుకుంది. అల్లిక పక్కన పెట్టి, వెనక బాల్కనీలోకి నడిచి, లహరికి తెలీకుండా రొంటిన దోపుకొచ్చిన చుట్ట బయటికి తీసింది. ఉన్నది ఆ ఒక్కటే.

"ముట్టించనులే తల్లీ, నీ మీద ఒట్టు. వాసన చూస్తానంతే," అని అక్కడ లేని మనవరాలికి చెప్పుకుంది. చుట్ట ముక్కు కింద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. కన్నీళ్ళు బొటబొటా రాలాయి.

"వెంకాయమ్మగారూ!"

ఉలిక్కిపడి తిరిగింది. గుమ్మంలో వసుంధరగారు. చేతిలో సూదులు, ఊలు.

"ఏమిటా వాసన?"

దాచడానికి చోటు లేదు. చుట్ట చేతిలోనే ఉంది. వెంకాయమ్మ అక్కడే కూలబడింది.

"తప్పు నాది వదినగారూ! పిల్లకి ఏ పాపమూ తెలీదు. మీ కాళ్ళు పట్టుకుంటాను, ఈ సంబంధం మాత్రం తప్పించకండి. అది తట్టుకోలేదు. కావాలంటే నేను పెళ్ళికి కూడా రాను. మా ఊళ్ళోనే పడుంటాను, మీ గుమ్మం తొక్కను."

వసుంధరగారి మొహం ఎర్రబడింది. బాల్కనీలోంచి కిందికి వీధి ఆ చివరా ఈ చివరా చూశారు. వెనక్కి తిరిగి తలుపు మూసి గడియ పెట్టారు.

ఇక అయిపోయింది, నా చేతులారా దాని బతుకు పాడుచేశాను అనుకుంది వెంకాయమ్మ.

"సగం తుంచి ఇటివ్వండి వదినగారూ, ఈ దిక్కుమాలిన ఊలు పట్టుకుని మూడేళ్ళయింది, ఇక నావల్ల కాదు!" అన్నారు వసుంధరగారు.