గుండ్రబల్ల

“ఆ గదిలో ఒక్కరూ నోరు విప్పరే. నెలాఖరులోగా మాట వినపడకపోతే తాళం వేసేస్తాను,” అంది అక్క.

బల్లలు అద్దెకిచ్చే ఆఫీసు అక్కది. ఎవరి పని వాళ్లు తెచ్చుకుని కూర్చుంటారు. నలుగురూ కలిసేలా గదులు తీర్చిదిద్దడం చెల్లెలి వృత్తి. అక్క కష్టం తన కష్టం కాదూ? తల ఊపి, ఏడాదిగా ముట్టని కొలతల టేపు దుమ్ము దులిపి తీసుకుని బయలుదేరింది.

నిజమే. లోపల అందరూ మూగనోము పట్టినట్టున్నారు. లెక్కలు చూసే బట్టతలాయన, అనువాదాలు చేసే ఆవిడ, పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు. ఎవరి తెర వాళ్లది. ఆమెను చూడగానే తలలు మరింత దించేశారు.

మొదట అడ్డుతెరలు తీయించింది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నారు. పొడవాటి సోఫా వేయించింది. చెరో చివరా కూర్చుని మధ్యలో సంచులు పేర్చారు. కాఫీ మిషను గది నడిమధ్యకు జరిపించింది. ఒకరి వీపు ఒకరు చూస్తూ వరసకట్టి, కప్పులు నింపుకుని వచ్చిన దారినే పోయారు.

ఒకసారి టేపు మరిచిపోయి వెనక్కి వస్తుంటే, తలుపవతల తేనెతుట్టె కదిలిన చప్పుడు. తలుపు తీసేసరికి చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. ఫ్యాను కాబోలనుకుంది.

పంతం పెరిగింది. తింటూ తింటూ పళ్లెంలోనే వేలితో బల్లలు గీసింది. అక్క ఇంకాస్త వడ్డించింది.

చివరికి వడ్రంగికి బొమ్మ గీసి చూపించి గుండ్రబల్ల చేయించింది. నడుమ తిరిగే చక్రం. కత్తెర, జిగురు, స్టేప్లరు అన్నీ దాని మీదే. కావాలంటే అవతలివాళ్లను అడిగి తీరాలి.

ఎవరూ అడగలేదు. కత్తెర కోసం లెక్కలాయన చక్రాన్ని ఇటు తిప్పాడు. స్టేప్లరు కోసం ఆవిడ అటు తిప్పింది. మొహాలు ఎర్రబడ్డాయి, పెదవులు బిగుసుకున్నాయి, భుజాలు అదిరాయి. మాట మాత్రం లేదు. ఫొటోగ్రాఫరు కూడా ఓ చెయ్యి వేశాడు. చక్రం గిర్రున తిరిగింది. మూత లేని జిగురు సీసా ఎగిరి బట్టతల మీద బోర్లా పడింది. ఆయన తడుముకున్నాడు. చెయ్యి అక్కడే అంటుకుపోయింది.

“లాగకండి,” చెల్లెలు అరిచింది. “నీళ్లు... ముందు నీళ్లు తెండి...” అంటూనే నేల మీద చతికిలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది.

గదికి గట్టు తెగింది.

“బాబోయ్, ఇంక నా వల్ల కాదు,” అని ఫొటోగ్రాఫరు బల్ల మీద పడి దొర్లాడు.

“ఉన్న నాలుగు వెంట్రుకలూ దక్కాయిలే బాబాయ్,” అంది అనువాదాలావిడ.

“నీ నోటికి జిగురు పడాల్సిందే తల్లీ, తప్పి నాకు పడింది,” అన్నాడు లెక్కలాయన.

గెలిచానని చెప్పడానికి చెల్లెలు అక్క గదికి పరిగెత్తింది.

అక్క అటు తిరిగి ఫోనులో అమ్మతో అంటోంది: “మొగుడు పోయాక అది నోరు తెరవడం ఇదే మొదటిసారమ్మా, దాన్ని ఇంట్లోంచి కదిలించడానికే ఆ వాగుడుకాయలందర్నీ బతిమాలి ఇన్నాళ్లూ నోళ్లు మూయించాను.”