దొంగిలిస్తేనే బతికే తీగ

ముంబై కామాటిపురాలో, వరసగదుల చాల్‌లో పక్కపక్క గదుల మాసమ్మ, తుల్జాబాయి నల్లా దగ్గర తగువాడుకుని మాటలు మానేసిన మహాతల్లులు.

మనీప్లాంటు ఒకరిస్తే బతకదు, దొంగిలిస్తేనే బతుకుతుందన్నది చాల్ మొత్తం నమ్మే శాస్త్రం. కొని తెచ్చిన తీగ మళ్ళీ కుళ్ళిపోతే, మాసమ్మ నిన్న కళ్ళొత్తుకుంటూ పారేసింది. తుల్జాబాయి తీగ మాత్రం గదుల ముందు గ్యాలరీ అంతా పాకింది.

పొద్దున్నే తుల్జాబాయి గోడకు చెప్పినట్టు అరిచింది: "వర్లిల మా అక్కింటికి పోతున్న! పొద్దుగూకేదాంక రాను! నా తీగను ముట్టినోళ్ల చేతులు ఇరిగిపోను!"

దొంగలకు ఇంత వివరంగా వేళలు చెప్పే తెలివి ఇంకెవరికుంటుంది!

మెట్ల మీద చెప్పుల చప్పుడు ఆగగానే మాసమ్మ కత్తి పట్టుకుని బయటికొచ్చింది.

కత్తితో పని పడలేదు. తుల్జాబాయి కుండీ తన గుమ్మం ముందుకే జరిగి ఉంది. మట్టిలో కొత్త బ్లేడు గుచ్చి ఉంది.