పాప ఉన్న ఫోటోలు

ల్యాప్‌టాప్ తెర నిండా బూడిద రంగు గళ్ళు. ఒక్కో గడిలో ఒక్కో ప్రశ్నార్థకం.

నిన్నటిదాకా ఆ గళ్ళలో ఇంటిల్లిపాదీ నవ్వుతూ ఉన్నారు.

"ఈ డొక్కుదాన్ని నమ్ముకున్నాం చూడు, మనదే బుద్ధి తక్కువ!" అంది పెద్దకోడలు, వెనక నిలబడి.

చిన్నకోడలు మళ్ళీ మళ్ళీ గళ్ళు నొక్కి చూసింది. ఫోన్ నిండిపోయినప్పుడల్లా ఫోటోలన్నీ ఇందులోకి ఎక్కించి, ఫోన్‌లోంచి తీసేసేది. ఏడాదైనా నిండకుండానే జ్వరం వచ్చి కన్నుమూసింది ఆమె పాప. ఆ తల్లికి మిగిలిందల్లా ఇందులోనే ఉంది.

ల్యాప్‌టాప్‌ని గుండెకి హత్తుకుని రిపేరు షాపుకు పరిగెత్తింది.

షాపాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని చాలాసేపు కెలికాడు.

"ఇది మీ ఇంటి అటకలాంటిదమ్మా. సామాన్లు ఎక్కడికీ పోలేదు. ఏదెక్కడుందో చెప్పే లెక్కే చెడింది."

"ఎలా చెడింది?"

"ఫోటోల యాప్‌లోనే తీసేసుంటే ఏం కాకపోను. ఎవరో దొడ్డిదారిన లోపలికెళ్ళి ఒక ఫోల్డరు మొత్తం పీకేశారు. దాంతో అంతా తారుమారైంది."

"ఏ ఫోల్డరు?"

ఆయన తెర మీదికి వంగాడు. "పాప అని ఉంది."

ఆ ల్యాప్‌టాప్ పాస్‌వర్డు ఇంట్లో ఇద్దరికే తెలుసు. ఒకరు తను, ఇంకొకరు తను అక్కయ్యా అని పిలిచే పెద్దకోడలు.

చిన్నకోడలికి ఒళ్ళు మండిపోయింది. పక్కన కూర్చుని కన్నీళ్ళు తుడిచిన మనిషి! బతిమాలి నాలుగు ముద్దలు తినిపించిన మనిషి! నమ్మించి గొంతు కోయడమంటే ఇదే కదా.

"ఎన్నాళ్ళని చూసుకుంటూ కూర్చుంటావే?" అక్కయ్య రోజూ అనే మాట చెవిలో గింగురుమంది.

"పాపవి వస్తాయా?"

"వస్తాయి. ఒక బాబువి కూడా బోలెడున్నాయి. బోర్లా పడ్డం, పాకడం, మొదటి అడుగు... అవీ వస్తాయి."

బుజ్జిగాడు. అక్కయ్య కొడుకు. ఇప్పుడు బడికి సైకిలేసుకుని పోతున్నాడు.

"పాపవి ఇచ్చెయ్యండి. మిగతా అంతా తుడిచెయ్యండి."

ఆయన కళ్ళజోడు కిందికి దించాడు. "తుడిచేస్తే దేవుడు దిగొచ్చినా తిరిగి రావమ్మా. ఇంట్లో ఓసారి అడిగి..."

"నన్నెవరు అడిగారు?"

ఆయన పనిలో పడ్డాడు. చిన్నకోడలు పని అయ్యేదాకా అక్కడే కూర్చుంది. బుజ్జిగాడు ఓసారి తెర మీద కనిపించి, పోయాడు. ఆమె రెప్ప కూడా వెయ్యలేదు.

ఇంటికి వచ్చేసరికి పెద్దకోడలు గుమ్మంలోనే ఎదురైంది.

"ఏమన్నాడే? వచ్చాయా?"

"బుజ్జిగాడివి పోయాయక్కా. ఒక్కటీ మిగల్లేదు."

"అయ్యో! వాడి మొదటి అడుగే..." పెద్దకోడలు కుర్చీలో కూలబడింది.

"పోతే పోయాయిలే. ఎన్నాళ్ళని చూసుకుంటూ కూర్చుంటావక్కా?"

ఆ మాట అనడానికి దారి పొడుగునా తయారవుతూనే వచ్చింది. అన్నాక కడుపులో చల్లగా ఉంది. అబద్ధమెందుకు, హాయిగా ఉంది.

పెద్దకోడలి మొహంలో నెత్తురుచుక్క లేదు. 

"ఆ పాప ఫోల్డరొక్కటే పోతుందనుకున్నానే. అన్నీ పోతాయని నాకేం తెలుసు? తిండీ నిద్రా మానేసి దాని ముందే కూర్చునేదానివి. నువ్వు కూడా మాకు దక్కవేమోనని భయమేసింది. ఒట్టు."

"నా బిడ్డ మొహం నాకు లేకుండా చేస్తే దక్కుతానా?"

 చిన్నకోడలు గదిలోకి వెళ్ళి ధడాలున తలుపు వేసుకుంది.

షాపాయన పాప ఫోటోలు ఎక్కించిచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టింది. ఫోటోలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

పాప నవ్వుతోంది. అక్కయ్య ఒళ్ళో.

పాపకి స్నానం. అక్కయ్య చేతుల మీద.

పాప నిద్రపోతోంది. అక్కయ్య భుజాన.

ఫోటోలన్నీ తీసింది తనే. ఫోన్ పట్టుకున్న తల్లి ఒక్కదాంట్లోనూ లేదు.

"ఛీ!" అంది పైకే. ఆవిడ మొహం చూడకుండా కన్నబిడ్డని చూసుకునే రాత కూడా లేదా తనకి?

కత్తిరించడం మొదలుపెట్టింది. ముందు అక్కయ్య మొహాలు. ఒక్కోటి పోతుంటే పళ్ళు బిగించి, "పో" అంది. తర్వాత జడ. తర్వాత భుజాలు.

తలుపు అవతల పెద్దకోడలు ఏడుస్తోంది. ఏడవనీ అనుకుంది. ఇంకా గట్టిగా ఏడవనీ.

ఆఖరి ఫోటోలో పాప పసిగుడ్డు. ఇంకా మెడ నిలబడలేదు. తల కింద అక్కయ్య అరచెయ్యి.

అక్కయ్య మొహం తీసేసింది. ఆ చేతిని కూడా తీసెయ్యాలని కత్తిరించే గీతని జరిపింది. పాప చెవి పోతోంది. అటు జరిపింది. బుగ్గ పోతోంది. పెద్దది చేసింది, చిన్నది చేసింది. ఏం చేసినా, ఆ చెయ్యి పోతే పాప తలకి ఆసరా లేదు.

అరచేతిని ఉండనిచ్చింది.

మొహాన్ని మాత్రం తిరిగి పెట్టలేదు.