అరుపు ఆగిందాక

"వదులు అత్తా! ఆ బెల్లం కింద పడెయ్!"

రెబెక్కమ్మ అత్త మణికట్టు పట్టుకుని మెలిపెట్టింది. కామమ్మ గుప్పిట్లోంచి తాటిబెల్లం ముక్క జారి ఇసకలో పడింది. అందబోయింది అందకపోయేసరికి రెబెక్కమ్మ కొడుకు హెబ్రోను ఇంకా గట్టిగా అరుస్తూ నుదురు గుంజకేసి కొట్టుకున్నాడు. వాడికి ఆరేళ్ళు. మాటలు రావు. ఏం కావాలన్నా అరుపే.

"బిడ్డకి నెత్తురు కారతా ఉండాదే," అంది కామమ్మ.

"కారనీ."

రెబెక్కమ్మ మొగుడు సమాధానం గుమ్మంలో నిలబడి తలపాగా చుట్టుకుంటున్నాడు. ఉప్పుమళ్ళలో పనికి పొద్దెక్కిపోతోంది. పెళ్ళానికీ తల్లికీ మధ్య నోరెత్తకపోవడం అతనికి అలవాటు.

నెల్లూరులో దొరసాని డాక్టరు వాణ్ణి చూసి మందూ మాకూ ఏదీ ఇవ్వలేదు. ఒక పద్ధతి చెప్పింది. వాడు అరిచినంతసేపూ ఇంట్లో ఎవరూ తిరిగి చూడకూడదు. అరుపు మానాకే వాడికి ఇష్టమైంది చేతిలో పెట్టాలి. అందరూ ఒకే తీరుగా చెయ్యాలి, ఒక్కరు ఒక్కసారి లొంగినా పడ్డ పాటంతా దండగ. ఈస్టరు దాటాక మళ్ళీ తీసుకురమ్మంది. అప్పటికీ ఇంతే అయితే వీడు ఇంట్లో ఉండదగ్గ పిల్లవాడు కాడు, మద్రాసులో పిచ్చివాళ్ళ ఆస్పత్రిలో వదలాల్సిందే అంది.

రెబెక్కమ్మ ఆ పద్ధతిని బైబిలు వాక్యంలా పాటించింది. కన్నకొడుకు గొంతు చించుకుంటుంటే వాడికి వీపు పెట్టి చేపలు తోముకునేది. కామమ్మ వల్ల కాలేదు. కొంగుముడిలో బెల్లం దాచుకుని, కోడలు అటు తిరగ్గానే వాడి నోట్లో పెట్టేది.

"మీయమ్మ వాణ్ణి మద్రాసుకి పంపిందాకా నిద్రపోదు," అని రెబెక్కమ్మ మొగుడి మీదికి తిరిగింది. "బావి మీద మొద్దు పుచ్చింది, మార్చయ్యా అంటే మార్చవు. మీయమ్మని మార్చయ్యా అంటే మార్చవు. ఇంక దేనికయ్యా నువ్వు?"

"పొద్దున్నే ఎందుకులే మే..."

"నేనే మారుస్తా చూడు. అత్తా, ఈడ కూర్చో. అట్ట కాదు, పెరటికి వీపు పెట్టు. ఇప్పుడు చెప్పు. అరిస్తే?"

కామమ్మ కొడుకు వైపు చూసింది. సమాధానం తలపాగా కొస దోపుకుంటూ నేల చూశాడు.

"తిరిగి చూడను," అంది కామమ్మ.

"ఏం జరిగితే?"

"ఏం జరిగినా చూడను."

"ఎందాక?"

"అరుపు ఆగిందాక."

"ఆగినాక?"

"బెల్లం ముక్క పెడతా."

"ఇంకోసారి చెప్పు."

మళ్ళీ చెప్పించింది. మళ్ళీ మళ్ళీ చెప్పించింది, చిన్నపిల్లకి ఎక్కం వల్లెవేయించినట్టు. ముసలామె గొంతు ఏడుపులోకి దిగింది.

"ఏడిస్తే నీకూ ఇదే వైద్యం," అంది రెబెక్కమ్మ. "నువ్వు తప్పిన పూట నీకు కూడు లేదు. ఈ మధ్యాహ్నానికి లేనట్టే. అట్టయితే గానీ నీ తలకెక్కదు."

"ఒరే సమాధానం, వింటా ఉండావా? నాకు కూడు లేదంటరా!"

"దాని మాట వినరాదా అమ్మా. బిడ్డ కోసమే కదా," అనేసి సమాధానం గబగబా వెళ్ళిపోయాడు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి ఇంట్లో అలికిడి లేదు. ఉప్పుమళ్ళ అంచున విసిరేసినట్టుండే ఆ ఒంటి ఇంట్లో అరుపు వినపడని సాయంత్రం అతను ఎరగడు. హెబ్రోను పెరట్లో ఇసకలో కూర్చుని తాటిబెల్లం చప్పరిస్తున్నాడు. కామమ్మ పొద్దున కూర్చోబెట్టిన చోటే, పెరటికి వీపు పెట్టి, చేటలో బియ్యం ఏరుతోంది.

"ఏంది మా, వాడు ఈ పొద్దు అరవలేదా?"

"అరవకేం? ఎన్నడూ అంతగా అరవలా. వచ్చి నా కోక పట్టుకుని లాగినాడు కూడా."

"నువ్వేం చేసినావు?"

"తిరగలా. ఆగినాక లేచిపోయి బెల్లం పెట్టినా."

సమాధానం మొహం విప్పారింది. ఇంక మద్రాసు మాట ఉండదు. తల్లి భుజం మీద చెయ్యి వేశాడు.

"చూసినావా, తలుచుకుంటే నీకు రానిదేముంది! ఇది వింటే రెబెక్క ఎంత సంబరపడతాదో. యాడికి పోయింది?"

"నీళ్ళకి."

అతను నవ్వుకుంటూ పెరట్లోకి నడిచాడు. బావికి అడ్డంగా వేసిన తాటిమొద్దు, నీళ్ళు చేదేటప్పుడు కాళ్ళు పెట్టే మొద్దు, నడిమికి విరిగిపోయి ఉంది. బావి లోపలి మట్టి వరల మీద గోళ్ళు గీరిన గీతలు. కింద నీళ్ళ మీద చీర చెరగు తేలుతోంది.

ఎట్లా వచ్చాడో గుమ్మం దాకా వచ్చి కూలబడ్డాడు.

"అమ్మా... వాళ్ళమ్మ పడిపోతే అరిచినాడే వాడు! నిన్ను పిలవను వచ్చినాడే! ఒక్కసారి తిరిగి చూసుంటే... నీకు తెలవలేదా అమ్మా?"

కామమ్మ చేటలోంచి ఒక రాయి ఏరి పక్కకు విసిరింది.

"తెలవకేం నాయనా? ముందు అరిచింది అదే. 'అత్తా, అత్తా' అని చానాసేపు అరిచింది. అరుపు ఆగిందాక నేను తిరగలా."